తెగడం, చీలడం, పగలడం

కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది, కుండ పగులుతుంది, గుడ్డ చిరుగుతుంది, వెదురు చీలుతుంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా నాలుగేళ్ళ పిల్లకి ఈ జతలు వచ్చు. తాడు పగిలిందనదు, కుండ తెగిందనదు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, బళ్ళో దీనికో పాఠం ఉండదు. అయినా ఎవరి నోటా జత తప్పదు. నాకు తెలుగులో అన్నిటికన్నా ముచ్చటైన చోటు ఇదే. ఒకటిగా ఉన్నది రెండయ్యే క్షణాన్ని ఈ భాష చూసినంత దగ్గరగా ఇంకే క్షణాన్నీ చూడలేదనిపిస్తుంది.

ఇంగ్లీషులో కర్రకూ తాడుకూ కుండకూ 'బ్రేక్' ఒక్కటే చాలు. కావాలంటే ఆ భాషకూ బోలెడు మాటలున్నాయి. పుల్ల పుటుక్కుమంటే 'స్నాప్', అద్దం తునాతునకలైతే 'షాటర్', కట్టె నిలువునా విడిపోతే 'స్ప్లిట్', అదే సంగతి పాతకాలపు గాంభీర్యంతో చెప్పాలంటే 'క్లీవ్', గుడ్డను కసిగా చించితే 'రెండ్', బంధాన్ని తెంచేస్తే 'సెవర్'. అనువాదం చేసేవాళ్ళు వీటిలోంచి ఒకదాన్ని ఏరుకోవడానికి పూటంతా తల పట్టుకుని కూర్చున్నా అది వృథా కాదు. ఒక్కొక్కటీ చక్కని మాట. స్నాప్‌లో చప్పుడు వినిపిస్తుంది, షాటర్‌లో ముక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. మన క్రియల సొగసు మాత్రం వేరే చోట ఉంది. అవి వస్తువు ఒళ్ళెరిగిన మాటలు. దాని నార ఎటు నడుస్తోంది, అది బిగువు మీద ఉందా, పెళుసుగా ఉందా, లోపల డొల్లా, నిండుగా ఉందా అన్నది చూసుకున్నాకే క్రియ నోటికొస్తుంది. తాడు తెగిందన్నామంటే అది లాగుడు మీద ఉందని చెప్పేసినట్టే. కుండ పగిలిందన్నామంటే ఆ మట్టి కాలి గట్టిపడిందని చెప్పినట్టే.

కొల్లేరు సరస్సులోని లంకల్లో తాటిమానును తొలిచి దోనె చేసుకునేవాళ్ళు. తాటిచెట్టు ఒక్కటి చాలు, ఈ క్రియల బడి మొత్తం అందులో ఉంది. మానులో నల్లటి నార పైనుంచి కిందికి నిలువునా నడుస్తుంది. గొడ్డలి అంచు ఆనించి కొడితే నార వెంటే దారి చేసుకుంటూ చీలిపోతుంది. అడ్డంగా మాత్రం చీలదు. అడ్డంగా అయితే నరకాలి, లేకపోతే రంపం పెట్టి కోయాలి. చీలికకు దారి మానులో ముందే ఉంది, మనిషి దాన్ని కనిపెట్టి తెరుస్తాడు. నరుకుడుకు దారి మనిషి చేతిలో ఉంది, మాను ఇష్టంతో పనిలేదు. ఈ తేడా తెలిసినవాడికి 'తల నరికాడు', 'పొట్ట చీల్చాడు' అన్న రెండు మాటల్లో కత్తి ఎటు నుంచి ఎటు నడిచిందో వేరే చెప్పనక్కర్లేదు.

అదే తాటిచెట్టు కింద పాతర వేసిన టెంకల్లోంచి వచ్చిన తేగను చూడండి. చలికాలంలో తాడేపల్లిగూడెం సెంటర్లో కాల్చిన తేగల కట్టలు అమ్ముతారు. ఒక తేగ చేతిలోకి తీసుకుంటే ముందు పైతొక్క ఒలుస్తాం. తర్వాత మొనదగ్గర గోరు దించి నిలువునా చీలుస్తాం. రెండు బద్దలూ విడతాయి, మధ్యలో పసుపు తెలుపు కలిసిన సన్నటి మొలక బయటపడుతుంది. దాన్ని చందమామ అంటాం, పిల్లలు దానికోసమే కొట్టుకుంటారు. ఆ తర్వాత బద్దను విరుచుకుని తింటాం. విరిచిన చోట నార ఇంకా పట్టుకునే ఉంటుంది, దాన్ని పీకేస్తాం. ఒలవడం, చీల్చడం, విడడం, విరవడం, పీకడం. జానెడు తేగలో ఐదు క్రియలు, ఏ ఒక్కటీ ఇంకోదాని స్థానంలో నిలవదు. తేగను విరిచి చందమామ తీశానని ఎవరైనా రాస్తే, ఆ మనిషి ఎప్పుడూ తేగ తినలేదని గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

మేదరి వెదురు చీల్చేటప్పుడు చూడాలి ఈ చీలడం అనే మాట అసలు రూపం. కత్తి పని మొదట్లోనే. కొసన ఒక గాటు పడ్డాక కత్తి ఊరికే దారి చూపిస్తుంది, మిగతా పని వెదురే చేసుకుంటుంది. కణుపు వచ్చినప్పుడల్లా టప్పుమని ఒక చప్పుడు, మళ్ళీ కణుపు దాకా మౌనం. రెండు, నాలుగు, ఎనిమిది బద్దలు. ఆ బద్దలతోనే తట్టలు, బుట్టలు, కొల్లేట్లో చేపలు పట్టే మావులు.

ఈ పరిశీలనకు శాస్త్రం వైపు నుంచి కూడా ఓ బలం దొరికింది. నెదర్లాండ్స్‌లో నైమెగన్ ఊళ్ళో ఉన్న మాక్స్ ప్లాంక్ భాషామనస్తత్వ పరిశోధనా సంస్థ తరఫున అసీఫా మజీద్, మెలిస్సా బవర్‌మన్, వాళ్ళ తోటివాళ్ళు 28 భాషలవాళ్ళకి 61 చిన్న వీడియోలు చూపించారు. ఒకదాంట్లో క్యారెట్ కోస్తారు, ఇంకోదాంట్లో గుడ్డ చింపుతారు, మరోదాంట్లో కర్ర విరుస్తారు. ఏ భాషవాళ్ళు దేన్ని దేనితో కలిపి ఒకే మాటతో చెబుతారన్నది లెక్కగట్టి 2007లో ఒక పత్రిక సంచికలో అచ్చువేశారు. ఆ సంచికలోనే భువనా నరసింహన్ తమిళం, హిందీ క్రియల మీద వ్యాసం రాశారు. వాళ్ళకి తేలినదేమిటంటే, ప్రపంచంలో ఇన్ని భాషలు ఇన్ని రకాలుగా విడగొట్టినా, అందరూ మొదట చూసేది ఒకటే: ఎక్కడ విడిపోతుందో ముందే తెలుసా, తెలియదా? కత్తిపీట మీద వంకాయ పెట్టినప్పుడు ఎక్కడ తెగుతుందో తెలుసు. సుత్తి దెబ్బకి కుండ ఎక్కడ పగులుతుందో బ్రహ్మకి కూడా తెలియదు. ఆ తర్వాతి తేడా చించడానికీ మిగతావాటికీ మధ్య. ఆ పైది పుల్ల విరగడానికీ పళ్ళెం బద్దలవడానికీ మధ్య. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేనిది. కోయడానికీ పగలడానికీ మధ్య మన అమ్మమ్మలు గీసిన గీత మనిషి చూపులోనే ఉందన్నమాట.

అయితే తెలుగు అక్కడితో ఆగదు. ప్రతి క్రియకూ పక్కన ఇంకోటి కూర్చుని ఉంటుంది. తెగు, తెంచు. విరుగు, విరుచు. చీలు, చీల్చు. చిరుగు, చించు. పగులు, పగలగొట్టు. మొదటిది వస్తువుకి తనంతట జరిగింది, రెండోది ఎవరో చేసింది. ఇంగ్లీషులో బ్రేక్ అయినా స్ప్లిట్ అయినా రెండు పనులకీ ఒకే రూపం, వాక్యం చూస్తేగానీ తెలియదు. మనకి మాటలోనే నిలువుగీత ఉంది.

ఆ గీత విలువ తెలియాలంటే కొల్లేరు గట్టున నిలబడాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీళ్ళన్నీ ఇక్కడికి చేరతాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. వానాకాలం వస్తే ఈ ప్రాంతంలో నోళ్ళన్నిటా నలిగే మాట గండి. "గండి పడిందండీ" అంటే నీటి ఒత్తిడికి గట్టు తాళలేదని. "గండి కొట్టారండీ" అంటే రాత్రివేళ గునపం పట్టుకుని ఎవరో వచ్చారని. నీళ్ళు ఒకటే, పొలం మునగడం ఒకటే. కానీ మొదటి మాటకి రైతు ఆకాశం వైపు చూస్తాడు, రెండో మాటకి పక్క ఊరి వైపు చూస్తాడు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు అనే ఎత్తు గీత దాకా. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుల తర్వాత సరస్సులోని చేపల చెరువుల గట్లను యంత్రాలు పెట్టి తవ్వేశారు. ఆ పనికి ఊళ్ళలో రెండు రకాల మాటలు పుట్టాయి. చెరువులు పోయినవాళ్ళకి "గట్లు కొట్టేశారు". సరస్సు కోసం తపించినవాళ్ళకి "గట్లు తీసేశారు". కొట్టడంలో దెబ్బ ఉంది. తీయడంలో ఉండకూడనిదాన్ని తొలగించిన తృప్తి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు కూడా, పడ్డాయా, పడనిచ్చారా అన్న వాదన ఈ క్రియల మీదే నడిచింది.

గట్టుకి ఇంకో చావు కూడా ఉంది. కోసుకుపోవడం. ఏటి ఒడ్డు ఒక్కసారిగా తెగదు, రోజుకింత కోతకి గురవుతుంది. కొయ్యడానికి కత్తి కావాలి గదా, ఇక్కడ ఆ కత్తి నీరే. వరి కోత, గట్టు కోత, కరెంటు కోత అన్నీ ఒకే మాట కింద నడుస్తున్నాయి, వాటి పక్కనే కడుపుకోత ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధకి ఈ భాష పగలడాన్నీ విరగడాన్నీ తీసుకోలేదు. అవి ఒక్క క్షణంలో అయిపోయే పనులు. కోత సాగుతుంది. ఇంత పదును, ఇంత కరుణ ఒకే మాటలో ఇమిడిన చోటు నాకు ఇంకోటి గుర్తు రావడం లేదు.

గుండెకీ మనసుకీ ఈ భాష ఇచ్చిన క్రియలు వేరు. గుండె పగులుతుంది, మనసు విరుగుతుంది. గుండె పగలడం దుఃఖం, తట్టుకోలేని వార్త. గుండె కుండలాంటిదని, డొల్లగా, పెళుసుగా ఉంటుందని లోపలెక్కడో నమ్మకం. మనసు విరగడం దుఃఖం కాదు, అయిష్టం. "ఆయన మీద మనసు విరిగిపోయిందమ్మా" అన్న ఇల్లాలు ఏడవడం లేదు, ఏడుపు దాటేసింది. ఆ విరుగుడు కర్రలో కన్నా పాలలో బాగా కనిపిస్తుంది. పాలు విరుగుతాయి. గిన్నె అదే, పాలు అవే, పొయ్యి మీద మరిగేటప్పుడు ఒక్కసారి నీళ్ళు వేరు, ముక్కలు వేరు. మళ్ళీ కలపడం ఎవరి తరమూ కాదు. మనసుకి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పాలగిన్నె చూసినవాళ్ళు ఊహించుకోగలరు. అదే విరుగు నుంచి వచ్చిన విరుగుడు అనే మాట విషం మందుకి పేరు, విషం బలాన్ని విరిచేది కాబట్టి.

చప్పుడు సంగతి చెప్పుకోవాలి. ఇంగ్లీషు చప్పుడును క్రియలోనే దాచుకుంటుంది, స్నాప్, క్రాక్ అంటే చాలు. తెలుగు చప్పుడును విడిగా పెట్టుకుని క్రియ ముందు నడిపిస్తుంది. పుటుక్కున తెగింది, ఫెళ్ళున విరిగింది, పర్రున చిరిగింది, భళ్ళున పగిలింది. విడిగా ఉండటం వల్ల ఒక గొప్ప సౌకర్యం కలిగింది. చప్పుడును తీసుకెళ్ళి చప్పుడే లేని చోట పెట్టవచ్చు. భళ్ళున తెల్లవారింది అంటాం. చీకటి కుండలాగా పగిలిందని ఎక్కడా అనలేదు, ఆ ఒక్క భళ్ళుమనడంతో పగిలిన చప్పుడు వెలుతురులోకి వచ్చేసింది.

విడిపోయాక మిగిలినవాటికి కూడా ఒక్కోదానికీ ఒక్కో పేరు. కుండ పగిలితే పెంకులు. గుడ్డ చిరిగితే పీలికలు. వెదురు చీలితే బద్దలు. నిమ్మకాయ కోస్తే చెక్కలు, కొబ్బరికాయ కొడితే చిప్పలు, గోడ ఊడితే పెచ్చులు, పనస ఒలిస్తే తొనలు, వెల్లుల్లి విడదీస్తే రెబ్బలు, బియ్యం విరిగితే నూకలు. ముక్క అనేది అందరికీ పనికొచ్చే మాట, కానీ తెలుగు వంటింట్లో అది చివరి దిక్కు. "నిమ్మ ముక్క" అని ఇప్పుడు హోటళ్ళలో వినిపిస్తోంది. నిమ్మచెక్క అన్న మాటలో రసం పిండే అరచేయి కనిపిస్తుంది, ఆ అరచేయి ముక్కలో లేదు. చెక్క అన్న ఆ మాట పోతోందని నాకు బాధ.

నూకల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మిల్లుల సీమ. మార్టేరు పరిశోధనా స్థానం 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి రకం ఈ డెల్టా పొలాల్లో ఎన్నో ఏళ్ళు ఏలింది. ధాన్యం కొనేవాళ్ళు గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజను వెలుతురుకేసి పట్టి చూస్తారు. కోత రోజుల్లో వానకు తడిసి, మర్నాడు ఎండ గట్టిగా కాస్తే గింజలో అడ్డంగా వెంట్రుకంత గీతలు పడతాయి. గింజ చిట్లింది అంటారు. ఇంకా విరగలేదు, చూడ్డానికి నిండు గింజే. చిట్లడం పగలడానికి ముందుమాట. మరలో పడ్డాక ఆ గీత దగ్గరే విరుగుతుంది, నూక అవుతుంది, రేటు పడిపోతుంది. చిట్లడానికీ విరగడానికీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలో రైతు సంవత్సరం రాబడి ఉంది. వేసవిలో కొల్లేరు అంచున ఎండిన నేలకీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. ముందు పొర ఆరి పెచ్చు లేస్తుంది, తర్వాత బీటలు వారతాయి, ఆ పైన కాలు పట్టేంత నెర్రెలు విచ్చుతాయి. నెర్రె విచ్చింది అంటారు, పువ్వు విచ్చిందన్న మాటతోనే. దప్పికతో నోరు తెరిచిన నేలకీ తామరకీ ఒకే క్రియ ఇచ్చిన వాళ్ళ ధైర్యానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నీళ్ళకీ నార ఉంటుందని మన భాష నమ్మింది. గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. ఏలూరు దగ్గర తమ్మిలేరు రెండు పాయలై ఊరికి అటొకటి ఇటొకటి దిగుతుంది. నది పగలదు, విరగదు, తెగదు. ప్రవాహం నిలువునా నడుస్తుంది కాబట్టి దానికి చీలడమే కుదిరింది. దారి చీలుతుంది, పార్టీ చీలుతుంది, ఓట్లు చీలుతాయి. వీటన్నిటిలోనూ లోపల ముందే ఒక గీత ఉందన్న సూచన ఉంది.

అందుకే 2014లో రాష్ట్రం రెండయినప్పుడు ఎవరు ఏ క్రియ పలికారన్నది నేను చెవులప్పగించి విన్నాను. "రాష్ట్రాన్ని చీల్చారు" అన్నవాళ్ళకి అది ఒక్క ఒళ్ళు, ఎవరో కత్తి పెట్టారు. "విడిపోయాం" అన్నవాళ్ళకి అది 1956లో వేసిన ముడి, వీడింది. విడిపోవాలంటే ముందు విడివిడిగా ఉండి కలిసినవై ఉండాలి. మొత్తం చరిత్ర వాదన ఆ రెండు క్రియల మధ్య ఉంది. కాగితాల మీద మాత్రం విభజన అన్నారు. ఆ మాటకి నారా లేదు, ముడీ లేదు, నెత్తురూ లేదు, అందుకే అది అందరికీ పనికొచ్చింది. జిల్లాల విషయంలో ఇంత వేడి పుట్టలేదు. 1925లో కృష్ణా జిల్లాలోంచి పశ్చిమగోదావరి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు పేరుతో కొత్త జిల్లా ఏర్పడింది. కైకలూరు కృష్ణా వదిలి ఇటు చేరింది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండి కలెక్టరు ఆఫీసుకి భీమవరం వెళ్ళడం మొదలుపెట్టింది. "జిల్లాని విడగొట్టారండీ" అన్నారు జనం. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు పొలానికి వాడే మాట.

తెగు అనే మాటను చివరికి ఉంచుకున్నాను, దాని మీద నాకు మమకారం ఎక్కువ. ఇంగ్లీషులో 'క్లీవ్' అంటే చీల్చడమూ అవుతుంది, అంటిపెట్టుకోవడమూ అవుతుంది. అది రెండు వేర్వేరు పాత క్రియలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చిపడ్డ యాదృచ్ఛికం. మన తెగులో యాదృచ్ఛికం లేదు, ఒకటే మాట తన అర్థాన్ని తాను పెంచుకుంటూ పోయింది. తాడు తెగింది. సంబంధం తెగింది, తెగతెంపులు చేసుకున్నారు. ప్రాణం మీద ఆశ తెంచుకున్నవాడు తెగించాడు, వాడి గుణం తెగువ. వెనక్కి లాగే తాళ్ళన్నీ తెగినవాడికే ముందుకి దూకే బలం వస్తుందని ఈ మాట చెబుతోంది. అంతటితో అయిపోయిందా అంటే, ఏలూరు నిమ్మ మార్కెట్లో, గూడెం ఉల్లిపాయల మార్కెట్లో పొద్దున్నే దీనికి ఇంకో బతుకుంది. బస్తాల ముందు ఇద్దరు నిలబడతారు. ఒకరు పైనుంచి దిగరు, ఒకరు కిందనుంచి ఎక్కరు. దూరంగా ఉన్నవాళ్ళు అడుగుతారు, "ఏరా, తెగిందా?" "ఇంకా తెగలేదు బాబాయ్, రూపాయి దగ్గర ఆగింది." కాసేపటికి రూపాయి అర్ధరూపాయి అవుతుంది, ఎవరో ఒకరు తల ఊపుతారు, "తెగింది" అని కేక. ఇద్దరూ పట్టుకుని లాగుతున్న తాడు తెగితే ఇద్దరూ వెనక్కి పడాలి. ఇక్కడ ఆ తాడు తెగినందుకే ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు, బస్తాలు లారీ ఎక్కుతున్నాయి.